అమెరికా పన్నూ, మా ఊరి చోళ్ల మరా

మా ఊరికి పిండి మర తెస్తానని అందరి ముందూ మాటిచ్చి, ఆ మర డబ్బుని నా చేతులారా పోగొట్టుకుని వచ్చినదాన్ని నేను. అదెలా పోయిందో ముందు ఒప్పుకోకుండా, ఎలా రాబట్టానో చెప్పుకుని మురిసిపోతే బాగుండదు. అందుకని ముందు ఒప్పుకుంటాను.

నేను అరకులో డిగ్రీ కాలేజీలో బోటనీ చెబుతాను. మా ఊరు బొర్రా వెళ్లే రోడ్డు మీంచి పైకి ఎక్కాలి. నలభై గడపలుంటాయి. కొండ వాలులో చోళ్లు, అంటే రాగులు, సామలు పండిస్తాం. పండించడం ఒక ఎత్తయితే పిండి చేసుకోవడం ఇంకో ఎత్తు. ఆడవాళ్లు చోళ్ల మూట నెత్తినెట్టుకుని రెండు గంటలు కిందకి దిగాలి. అక్కడ మర ఉంటుంది, కరెంటు ఉండదు. కరెంటు వస్తే మరవాడు ఉండడు. ఇద్దరూ ఉన్న రోజున మూటతో మళ్లీ కొండెక్కాలి. వానాకాలం దారిలో వాగు, మేం గెడ్డ అంటాం, పొంగిందంటే అదీ లేదు, ఇంట్లో తిరగలి తిప్పుకోవడమే.

మా మేనత్త, అంటే నాన్న చెల్లెలు, మోకాళ్లు అరిగింది ఆ దారిలోనే. నేను హాస్టల్లో ఉండి చదువుకున్నన్నాళ్లూ నెలకోసారి నాకు చోడిపిండి మోసుకొచ్చింది ఆవిడే. ఇప్పుడు మోకాలు మడత పడదు. అయినా మూట ఎత్తమంటే ఎవరికీ ఇవ్వదు. "నా కాళ్లు నావి, నీకేటి నొప్పి?" అంటుంది.

కొండ పంటల మీద పని చేసే అమెరికా యూనివర్సిటీ ఒకటి నన్ను పది నెలలు పరిశోధన చేయడానికి పిలిచింది. జీతం కూడా ఇస్తామన్నారు. బయల్దేరే ముందు ఆదివారం కొళాయి దగ్గర ఆడవాళ్లందరూ చేరారు. నాకేం తెస్తావంటే నాకేం తెస్తావని ఆట పట్టించారు. నేను ఊపులో అనేశాను, "నేనొచ్చాక ఊరికి పిండి మర పెట్టిస్తాను, ఇంకెవరూ కిందకి దిగక్కర్లేదు" అని. అందరూ చప్పట్లు కొట్టారు. మా అత్త మాత్రం నా చెయ్యి పట్టుకుంది.

"ఊరికే అనకే గుంటా. ఈలు నమ్మేత్తారు," అంది.

"నమ్మమనే అంటున్నాను," అన్నాను.

అక్కడికి వెళ్లిన మొదటి వారమే జీతాల ఆఫీసుకి పిలిచారు. తెల్ల జుట్టు ఆవిడ ఒకరు, చాలా మర్యాదగా మాట్లాడింది. కాగితం ఒకటి ముందు పెట్టి, "మీ దేశం నుంచి వచ్చే పరిశోధకులకి ఇక్కడ పన్ను మినహాయింపు ఉంది. కావాలంటే సంతకం పెట్టండి," అంది.

మినహాయింపు. ఆ మాట వినగానే నాకు ఒళ్లు మండింది.

ఎందుకో చెప్పాలి. ఇంటర్ నుంచి పీజీ దాకా నేను విన్న మాట అదే. "మీకేంటి, ఫీజులో రాయితీ, సీటులో రాయితీ." నాకు క్లాసులో మంచి మార్కులు వస్తే పక్క బెంచీలో నవ్వు. హాస్టల్ బకాయి ఆలస్యమైతే గుమస్తా అందరూ వినేలా అరుపు. మైదానం ఊళ్లలో చదువుకున్న ప్రతి ఏజెన్సీ పిల్లకీ ఈ సంగతి తెలుసు. ఉద్యోగం వచ్చిన రోజున నేను ఒట్టు పెట్టుకున్నాను, ఇకమీదట ఎవరి దగ్గరా ఏ రాయితీ పుచ్చుకోనని.

"నాకేం వద్దు. అందరి దగ్గరా ఎంత కోస్తారో నా దగ్గరా అంతే కోయండి," అన్నాను ఆవిడతో.

పాపం, ఆవిడ రెండుసార్లు అడిగింది. మీకు నష్టం కదా అని కూడా అంది. నేను వినలేదు. వద్దు అన్నచోట టిక్కు పెట్టి, సంతకం గీకి, తల ఎగరేసుకుని బయటికొచ్చాను. ఆ సంతోషంలో ఒక కాఫీ కూడా కొనుక్కుని తాగాను. అరకు నుంచి వెళ్లినదాన్ని, ఆ నీళ్లని కాఫీ అనడానికి నోరు రాలేదు, కానీ ఆ రోజు అమృతంలాగే ఉంది. నా అంత రోషగత్తె లేదనుకున్నాను. వేపకాయంత వెర్రి అందరికీ ఉంటుందంటారు, నాది గుమ్మడికాయంత అని అప్పుడు తెలియలేదు.

నెలనెలా జీతంలో పన్ను కోత పడింది. మిగిలిన దాంట్లో సగం ఇంటి అద్దె మింగింది. నవంబరులో ఇంటికొచ్చేసరికి నా దగ్గర నోట్సు పుస్తకాలు దండిగా ఉన్నాయి, మర కొనే డబ్బు లేదు. ఊళ్లో అడిగితే "ఇంకా రావాలి" అన్నాను. అది అబద్ధం. రావలసిందేదీ లేదని నాకు తెలుసు. సంక్రాంతి వెళ్లింది, మాఘం వెళ్లింది, మా అత్త ఒక్కసారి కూడా అడగలేదు. అదే నాకు ఎక్కువ బాధ. మూట ఎత్తుకుని నా గుమ్మం ముందునించే కిందకి దిగిపోయేది.

ఫిబ్రవరిలో అమెరికా నుంచి మెయిల్ వచ్చింది. ఏప్రిల్ సగానికల్లా అక్కడి పన్నుల ఆఫీసుకి నేను రిటర్న్ దాఖలు చేయాలట, చేయకపోతే మళ్లీ వీసా అడిగినప్పుడు చిక్కులొస్తాయట. దాంతోపాటు ఏడాది మొత్తం జీతమెంతో, కోసిన పన్నెంతో రాసిన కాగితం ఒకటి. ఆ కోత అంకె చూసి, మర ధర రాసుకున్న కాగితం తీశాను. శృంగవరపుకోటలో నేను ధర అడిగొచ్చిన మర, దానికి మోటారు, పైకి చేర్చే కూలి, అన్నీ అందులో సరిగ్గా ఉన్నాయి. మా ఊరి మరని నేనే తీసుకెళ్లి ఆ దేశానికి దానం చేసొచ్చానన్నమాట.

మొదట విశాఖపట్నం పరిగెత్తాను, విదేశీ పన్నుల పనులు చూస్తానని బోర్డు పెట్టుకున్న ఒకాయన దగ్గరికి. ఏసీ గదిలో నా కాగితాలు అటూ ఇటూ తిప్పి, నా అడ్రసు చూసి నవ్వాడు.

"ఏజెన్సీ వాళ్లకి అసలు పన్నే ఉండదు కదా మేడమ్, మీకెందుకొచ్చిన గొడవ?" అన్నాడు.

"పదకొండేళ్లుగా నా జీతంలో పన్ను కోస్తున్నారండీ. ఎవరు చెప్పారు మీకు ఉండదని?" అన్నాను.

"అలాగా," అని కాస్త సర్దుకున్నాడు. తర్వాత అసలు సంగతి విని తల అడ్డంగా ఊపాడు. "మినహాయింపు అంటే వాళ్ల ప్రభుత్వం చూపించే దయ. దయ చూపిస్తానంటే మీరు వద్దని సంతకం పెట్టి వచ్చారు. ఇంకేముంటుంది? ఉన్నదున్నట్టు రిటర్న్ వేసేద్దాం, నా ఫీజు ఇదీ," అని ఒక అంకె చెప్పాడు. ఆ ఫీజుకి ఒక మేకపిల్ల వస్తుంది.

కాగితాలు లాక్కుని వచ్చేశాను. బస్సులో అనంతగిరి ఘాటీ ఎక్కుతున్నంతసేపూ ఆయన్ని తిట్టుకున్నాను. కానీ లోపల ఆయన మాటే నిజమనిపించింది. దయ వద్దన్నది నేనే. ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని అడుగుతాను? ఉన్నదున్నట్టు నింపి పంపించేసి, ఊళ్లో వాళ్లకి నిజం చెప్పి, తిట్లు తినేద్దామనుకున్నాను.

ఇంతలో ఇటుకల పండగ వచ్చింది. చైత్రంలో మా కొండల్లో చేసుకునే పండగ ఇది. మగవాళ్లు వేటకి పోతారు, ఆడవాళ్లు రోడ్డు మీద పడతారు. రోడ్డుకి అడ్డంగా తాడు కట్టి, వచ్చే పోయే ప్రతి బండినీ ఆపి పండగ డబ్బులు వసూలు చేస్తారు. ఇవ్వకపోతే తాడు దిగదు. ఆ వారం రోజులూ బొర్రా గుహలు చూడ్డానికొచ్చే కార్ల పని అయినట్టే. మా ఊరి తాడుకి అధికారి మా అత్త. కుర్చీ వేసుకుని తాడు కొస చేత్తో పట్టుకుని కూర్చుంటుంది. మొగుడితో వచ్చిన కొత్త పెళ్లికూతుర్ని ఆట పట్టిస్తుంది, బేరమాడేవాడిని కడిగేస్తుంది. ఆ ఏడు సర్కారు జీపు కూడా ఒకటి ఆగి ఇచ్చి పోయింది. "గవర్నమెంటు మనకాడ పట్టుకెల్తాది గదా, ఓ రోజు మనమూ పట్టుకుందుం," అంది మా అత్త జీపు వాళ్లకి వినపడేలాగే.

నేనూ తాడు రెండో కొస పట్టుకున్నాను. మధ్యాహ్నం అవుతుంటే ఆటో ఒకటి వచ్చింది, నిండా ఆడవాళ్లు. గెడ్డకి అవతలి ఊరి వాళ్లు. నేను తాడు బిగించి పట్టుకున్నాను. మా అత్త అవతల్నించి తాడు దించేసింది.

"ఒగ్గెయ్ ఒగ్గెయ్, ఎల్లనీ," అంది.

ఆటోలో చివర కూర్చున్న కోడలు పిల్ల ఒకతె, కొత్తగా ఆ ఊరికి వచ్చినట్టుంది, పది రూపాయల కాగితం చాపింది. "తీసుకోండి అత్తా. మాకేటి తక్కువ? పొద్దున ఎల్తన్నప్పుడు కూడా ఇచ్చినాను," అంది కాస్త గొప్పగానే.

మా అత్త కుర్చీలోంచి లేచింది. మోకాలు నొప్పి మర్చిపోయి లేచింది.

"పొద్దున దీనికాడ తీసుకున్నదెవులే?" అని మా వాళ్ల మీద గయ్‌మంది. ఒక పిల్ల బిక్కమొహం వేసుకుని చెయ్యెత్తింది. మా అత్త బొడ్డు సంచీ విప్పి పది రూపాయలు తీసి ఆ కోడలు పిల్ల చేతిలో కుక్కింది. "ఇదిగో, నీది నువ్వు ఎనక్కి తీసుకో. సిన్నదానివి, నీకు తెలీదు. మీ ఊరోలు మా దారమ్మట వత్తే మేం తీసుకోం. మావోలు మీ దారమ్మట ఎల్తే మీవోలు తీసుకోరు. పెద్దోలు గెడ్డకాడ కూకుని సెప్పుకున్న మాట. నువ్వు గొప్పకి పోయి పదిచ్చీసినావనుకో, రేపు మా గుంట మీ ఊరు వత్తే దానికాడ అడుగుతారు. నీ పదితోటి పెద్దోల మాట తెగిపోతాది. తెలిసినాదా?"

ఆ పిల్ల సిగ్గుపడి డబ్బు పుచ్చుకుంది. ఆటో వెళ్లిపోయింది. నేను మాత్రం తాడు పట్టుకుని అలాగే నిలబడిపోయాను. వెనక కారువాడు హారన్ కొడుతున్నాడు.

"అత్తా, తనంతట తనే ఇచ్చింది కదా. ఎందుకు తిరిగిచ్చావు?" అని అడిగాను.

"తెలీక ఇచ్చినాదే. తెలీక ఇచ్చినంత మాత్రాన మనదైపోద్దేటి?"

"పేదవాళ్లని వదిలేస్తున్నావనుకున్నాను."

"పేదోలేటి! ఆలు మనకంటే ఉన్నోలు. ఆలకి రెండు ట్రాక్టర్లున్నాయి. ఇది దయ కాదే పిల్లా, ఒప్పుదల. ఆల అక్కు."

నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. దుఃఖమో, సిగ్గో, సంతోషమో, మూడూనో. "మీ దేశం నుంచి వచ్చే పరిశోధకులకి" అంది కదా జీతాల ఆఫీసావిడ, అదీ రెండు దేశాలు చెప్పుకున్న మాటే అయ్యుండాలి. విశాఖపట్నంలో ఏసీ గదిలో కూర్చున్నాయనకీ తెలియనిది, పీహెచ్‌డీ చేసిన నాకూ తట్టనిది, మా అత్త బొడ్డు సంచీలోంచి పది రూపాయలు తీసినంత తేలిగ్గా చెప్పేసింది. ఆ రోడ్డు మీదే, తాడు పట్టుకునే, జరిగిందంతా ఆవిడకి చెప్పేశాను. వద్దని సంతకం పెట్టింది, ఇంకా రావాలని అబద్ధమాడింది, అన్నీ.

మా అత్త తాడు కింద పడేసింది. తర్వాత మొదలెట్టింది.

"ఓలమ్మో! మర డబ్బులు ఆలకి ఒగ్గీసి వచ్చినావా? అడగందే అమ్మైనా అన్నం పెట్టదంటారు. ఆలు పిలిసి పెడతామంటే కాదన్నావా? ఇంత సదువు సదివి ఏటి సేత్తన్నావే నువ్వు? నీ రోసం కూలిపోనూ! ఎవులో ఎప్పుడో ఎక్కిరించినారని ఊరి మర ఒగ్గుకుంటావా?"

తాడు దగ్గరున్న ఆడవాళ్లందరూ విన్నారు. తిట్టిన వాళ్లు తిట్టారు, ముక్కున వేలేసుకున్న వాళ్లు వేసుకున్నారు. నేను తలొంచుకుని నిలబడ్డాను. అందరి తిట్లూ అయ్యాక మా అత్త తాడు మళ్లీ బిగించి, "ఎల్లు. బేగి ఎల్లి అడుగు. గడువుందా ఇంకా?" అంది.

ఇంకా పది రోజులుంది.

మర్నాడు కాలేజీలో కంప్యూటర్ ముందు కూర్చుని, పన్ను విషయంలో మన దేశానికీ అమెరికాకీ ఉన్న ఒప్పందం మొత్తం ముద్రించుకున్నాను. అందులో పాఠాలు చెప్పేవాళ్లకీ పరిశోధకులకీ విడిగా ఒక అధికరణం ఉంది. ఇక్కడినుంచి అక్కడికి వెళ్లినా, అక్కడినుంచి ఇక్కడికి వచ్చినా, రెండేళ్ల దాకా ఆ వెళ్లిన దేశం పన్ను తీసుకోదు. గెడ్డ దగ్గర కూర్చుని చెప్పుకున్న మాటే, కాకపోతే కాగితం మీద. రిటర్న్ ఫారం చివరి పేజీలో దాని కోసమే గడులున్నాయి. ఏ దేశం, ఏ అధికరణం, ఎంత జీతం అని. ముందే అడగనివాళ్లు ఇప్పుడు అడగకూడదని ఎక్కడా లేదు. విశాఖపట్నం ఆయన ఆ పేజీ దాకా తిప్పలేదని అర్థమైంది.

ఫారం నింపి, సంతకం పెట్టబోయే ముందు ఊరికి తీసుకెళ్లాను. మా ఊళ్లో చదివి వినిపించకుండా ఏ కాగితం మీదా సంతకం పడదు. వెనకటికి పోడు భూముల పట్టాల కోసం దరఖాస్తులు పెట్టినప్పుడు ఎవరో చదవకుండా వేలిముద్ర వేసి సగం చేను పోగొట్టుకున్నారు. అప్పటినుంచి ఇది ఊరి కట్టుబాటు. ఆదివారం మా అరుగు మీద అయిదుగురు ఆడవాళ్లు, మధ్యలో మా అత్త. నేను గడి గడీ తెలుగులో చెబుతుంటే వాళ్లు వింటున్నారు.

"పెళ్లయ్యిందా లేదా అని ఆలకెందుకే?" అని ఒకావిడ.

"సంబంధం సూత్తారేమో," అని ఇంకొకావిడ. ఊరంతా వినిపించేట్టు నవ్వులు.

రోజుల లెక్క దగ్గరికి వచ్చాం. ఆ దేశంలో ఎప్పుడు అడుగుపెట్టాను, ఎప్పుడు వదిలాను, మొత్తం ఎన్ని రోజులున్నాను అని. నేను చదివాను. మా అత్త చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆగు. నువ్వు ఇంటికొచ్చినాది సంత రోజు. శుక్రారం. నాకు బాగా గేపకం, సంత ఒగ్గేసి నీకోసం కూకున్నాను. నువ్వు ఆ తారీకే సదివినావు."

"అవును, శుక్రవారమే."

"రెండు రోజులు ఇమానాల్లోనే ఉన్నానన్నావు గదే? మరి ఆ రెండు రోజులూ ఆల ఊరిలో ఉన్నట్టు రాసీసినావేటి?"

విమానం టికెట్టు తీసి చూస్తే ఆవిడదే నిజం. నేను ఇల్లు చేరిన తేదీని ఆ దేశం వదిలిన తేదీగా వేసేశాను. దిద్దాను. డాక్టరేట్ నాది, ఆడిటింగ్ మా అత్తది. అప్పుడు కానీ సంతకం పెట్టనివ్వలేదు.

అరకు పోస్టాఫీసులో పోస్టుమాస్టరు కవరు అటూ ఇటూ తిప్పాడు. "అమెరికా టేక్స్ ఆఫీసుకా? డోరు నంబరు లేదు, వీధి లేదు. ఊరు పేరూ పిన్‌కోడూ ఉంటే ఎలా వెళుతుందమ్మా?"

"అక్కడ అంతేనండీ. అంత పెద్ద ఆఫీసు. మాకూ డోరు నంబరు లేదు, మాకు ఉత్తరాలు రావడం లేదా?" అన్నాను.

"మీకు నేనున్నాను గదా," అన్నాడు ఆయన. అయినా జాగ్రత్తగా తూచి, ముద్ర గట్టిగా వేసి, ఆ తారీకు నాకు చూపించాడు. గడువుకి మూడు రోజుల ముందు. గడువులోగా ముద్ర పడితే చాలు, ఎప్పుడు చేరినా ఫరవాలేదు. రసీదు నా పర్సులో పెట్టుకుని రోజుకి పదిసార్లు చూసుకున్నాను.

జూన్ వచ్చింది, వానలు పడ్డాయి. ఏమీ రాలేదు. జులైలో ఉత్తరం వచ్చింది. ఆత్రంగా విప్పాను. డబ్బు కాదు, ప్రశ్న. అక్కడికి వెళ్లే ముందు నేను భారతదేశంలోనే నివాసం ఉన్నానని రుజువు పంపమని. గడువు నెల రోజులు.

ఒక్క నిమిషం భయపడ్డాను. తర్వాత నవ్వొచ్చింది. అంతకుముందు ఏడాది ఇక్కడ నేను దాఖలు చేసిన రిటర్న్ రసీదు, జీతంలో పన్ను కోసినట్టు కాలేజీ ఇచ్చిన పత్రం, సెలవు మంజూరు చేసిన ఆర్డరు, ఆ యూనివర్సిటీ నన్ను పిలిచిన ఉత్తరం, నాలుగూ జతచేసి పంపాను. ఏజెన్సీ వాళ్లకి పన్నే ఉండదన్న పెద్దమనిషికి ఒక కాపీ పంపుదామా అని కూడా అనిపించింది. పోనీలే, పోస్టు ఖర్చు దండగ.

సెప్టెంబరులో ఒక ఉదయం కాలేజీకి తయారవుతుంటే ఫోన్‌లో మెసేజ్. అక్కడ నేను మూయకుండా ఉంచిన బ్యాంకు ఖాతాలో డబ్బు పడింది. మొత్తం. కోసిందంతా. చదివింది నమ్మలేక అంకెలు వేలితో ఒకటొకటీ లెక్కపెట్టాను. నేను ఫారంలో వేసిన అంకె కంటే ఎక్కువ కనిపించింది. ఏమిటా అని చూస్తే, ఆలస్యం చేసినందుకు వాళ్లే వడ్డీ వేశారు.

ఆ రోజు కాలేజీకి సెలవు పెట్టి కొండెక్కేశాను. చీర కుచ్చిళ్లు ఎగ్గట్టి, చెప్పులు చేత్తో పట్టుకుని, బురదలో దాదాపు పరిగెత్తాను. దారిలోనే ఎదురైంది మా అత్త, నెత్తిన మూటతో, కర్ర ఊతంతో దిగుతోంది.

"అత్తా, మూట దించు," అన్నాను ఆయాసపడుతూ. "డబ్బొచ్చింది. వడ్డీతో సహా."

"వడ్డీ కూడానా! ఓలప్పో!" అని ఆ బురదలోనే కూలబడి నవ్వడం మొదలెట్టింది. నేనూ పక్కన కూర్చున్నాను. ఇద్దరం వెర్రివాళ్లలా నవ్వాం. తర్వాత ఆవిడ కొంగుతో కళ్లు తుడుచుకుని, "ఇయ్యాల మాత్రం దిగాల్సిందే. ఇంట్లో పిండి లేదు," అని లేచింది. ఆ మూట నేను ఎత్తుకున్నాను. మొదటిసారిగా ఆవిడ ఇవ్వనని అనలేదు.

దీపావళి ముందు మర వచ్చింది. వ్యాను రోడ్డు దాకా తెచ్చి దింపేసింది. అక్కడినుంచి పన్నెండు మంది, వెదురు గెడలకి తాళ్లతో కట్టి, అరుపులు కేకలతో పైకి మోశారు. బడి పక్క రేకుల షెడ్డులో బిగించారు. ఆడవాళ్ల సంఘమే నడపాలని, కరెంటు బిల్లుకి, బెల్టులకి కుంచానికి ఇంత అని తీసుకోవాలని తీర్మానం చేశారు.

మొదటి రోజు వరస ఎంత ఉందో! ముసలమ్మలు, చంటిపిల్లల తల్లులు, అందరూ మూటలతో వచ్చేశారు. నేనూ నా చోళ్ల సంచీతో వరస చివర నిలబడ్డాను, చేతిలో డబ్బు పట్టుకుని. మా అత్త చూసి నా రెక్క పట్టుకుని ముందుకి లాక్కొచ్చింది.

"ఇనండర్రా. దీనికాడ డబ్బులు తీసుకోవద్దు. మర ఉన్నన్నాళ్లూ. ఇది ఊరు సెప్పుకున్న మాట," అంది. వరసలో అందరూ అవునన్నారు.

నా చేతిలో డబ్బు ఉంది. అందరూ నా వైపే చూస్తున్నారు. ఇదే పాత నేనయితే ఏమనేదాన్నో నాకు బాగా తెలుసు. ఏడుపొచ్చేసింది, దాచుకోలేదు కూడా.

"సరే," అన్నాను. డబ్బు జాకెట్‌లో దోపుకున్నాను. సంచీ ఎత్తి చోళ్లు మర నోట్లో పోశాను. మోటారు గుర్రుమంది, వేడి వేడి పిండి గోనెలోకి దిగింది. ఊరందరి ముందూ, ఒక్క పైసా ఇవ్వకుండా, మొదటి మూట నేనే ఆడించుకున్నాను.